బొగ్గుబాయి ఊళ్లో తంగేడు పూలు

తెలుగు కవిత్వంలో పువ్వుకు నోరొచ్చిన సందర్భం అనగానే చాలామందికి జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ గుర్తొస్తుంది. ఘంటసాల గొంతులో అది ఇంటింటికీ చేరింది. పూజకోసం పూలు కోయబోయిన కవితో పూలు తమ గోడు వెళ్లబోసుకుంటాయి. ఆ గోడులో ఆడవాళ్ల మీద ఒక ఫిర్యాదు ఉంది. పూలను గుచ్చి, కట్టి, తలలో ముడుచుకునే వాళ్లకు దయ లేదన్నది ఆ ఫిర్యాదు. కోయడానికి చెయ్యి చాచింది కవి. నింద పడింది ఆడవాళ్ల మీద. కవి దయతో వట్టి చేతులతో వెనక్కి తిరుగుతాడు, ఆడవాళ్ల కాఠిన్యం మాత్రం పద్యంలో అలాగే మిగిలిపోతుంది.

ఆ ఆడదాని తలలో పువ్వు ఉండాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారనే ప్రశ్న పద్యానికి రాలేదు. భర్త బతికుంటే పెట్టుకోవాలి, పోతే తీసెయ్యాలి. పెట్టుకోకపోతే ఒక మాట, పెట్టుకుంటే ఇంకో మాట. పువ్వు మీద జాలి పడడం తేలిక. పువ్వుతో ఆడదాన్ని కొలిచే పద్ధతిని చూడడం కష్టం.

తర్వాత వచ్చిన స్త్రీవాద కవిత్వం ఆ కొలబద్దనే విసిరికొట్టింది. పైట, వంటిల్లు, పురిటి నొప్పులు కవితా వస్తువులయ్యాయి. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ తిరగేస్తే, ఆడదాన్ని పువ్వుతో పోల్చే పాత అలవాటు మీద ఎంత విసుగు పేరుకుపోయిందో తెలుస్తుంది. ఆ తిరస్కారం అవసరమైంది. మగవాడి చూపు కోసం పూసిన పువ్వును మనం వద్దన్నాం. అయితే ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం ఏరి, పేర్చి, చుట్టూ తిరిగి, చివరికి నీళ్లకిచ్చే పూల సంగతేమిటి? మందమర్రి కార్మికవాడలో పెరిగి, ఆ తర్వాత సాహిత్య పరిశోధనలోకి వచ్చిన నాకు ఈ ప్రశ్న చాలాకాలంగా తీరని బాకీలా ఉంది.

పూలు మనసును తేలిక చేస్తాయనీ, మనుషుల్ని కలుపుతాయనీ చెప్పే మనస్తత్వశాస్త్ర పరిశోధనలు ఉన్నాయి. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జెనెట్ హావిలాండ్-జోన్స్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం వాటిలో బాగా ప్రచారం పొందింది. పూలు అందుకున్న స్త్రీల ముఖంలో నిజమైన నవ్వు కనిపించిందని, వృద్ధుల్లో ఉల్లాసం పెరిగిందని వాళ్లు రాశారు. దాన్ని కాదనడానికి నా దగ్గర కారణం లేదు. కాని అందులో స్త్రీ పూలు అందుకునే మనిషి. ఎవరో తెచ్చారు, ఆమె తీసుకుంది, నవ్వింది. బతుకమ్మలో పూలు ఎవరూ ఎవరికీ బహూకరించరు. పొద్దున్నే లేచి గట్ల వెంట, చెలకల్లో తిరిగి ఏరుకు రావాలి. గునుగు కొసలు సమంగా కోసి రంగులద్దాలి. శిబ్బిలో ఆకులు పరిచి, తంగేడు, గునుగు, కట్ల, బంతి, చేమంతి వరస తప్పకుండా ఎత్తు పేర్చాలి. పైన పసుపు గౌరమ్మను నిలపాలి. ఇది కానుక కాదు, పని. ఆ పనిలో పక్కింటామె చెయ్యి కావాలి. అందుకే మనసు తేలికపడడానికి పూల రంగు ఒక్కటే కారణమని నేను అనుకోను. చేతులకు ఒక పని, గొంతుకు ఒక వంత, పక్కన ఇంకొక మనిషి, ఈ మూడూ ఒకచోట కలవడమే కారణమని నా వాదన.

పాట నిర్మాణం చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఒకామె చరణం చెబుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. పల్లవి మాట చరణం చరణానికీ తిరిగొస్తుంది కనుక కథ తెలియని మనిషి కూడా గొంతు కలపగలదు. ఈ చిన్న వెసులుబాటే ఆ పాటకు ప్రాణం. జానపద గేయాలను విశ్వవిద్యాలయ పరిశోధనలోకి తెచ్చిన బిరుదురాజు రామరాజు, తర్వాత జానపద గేయ గాథల మీద కృషి చేసిన నాయని కృష్ణకుమారి ఈ పాటలను సాహిత్యంగా చదవడానికి మనకు దారి వేశారు. ఆ దారిన వెళ్లి కథల్లోకి చూస్తే సంతోషం కన్నా గండాలే ఎక్కువ కనిపిస్తాయి. బాగా ప్రచారంలో ఉన్న పుట్టుక కథే తీసుకోండి. ధర్మాంగదుడనే రాజు, సత్యవతి దంపతులు నూరుగురు కొడుకులను పోగొట్టుకుంటారు. ఆ తర్వాత పుట్టిన ఆడపిల్లకు ‘బతుకు’ అని దీవించి పేరు పెడతారు. పండుగ పేరులోనే చావు నీడ ఉంది. అత్తింటి ఆరళ్లు, పుట్టింటి పిలుపు కోసం ఎదురుచూపు, తెగిన చెరువు కట్టలు, అన్నీ అదే పల్లవి మీద ఊగుతాయి. తొమ్మిది రోజుల్లో ఆరోనాడు ‘అలిగిన బతుకమ్మ’. ఆ రోజు పూలు పేర్చరు. అలకకు కూడా పండుగలో ఒక రోజు కేటాయించిన సంప్రదాయం ఇది. దుఃఖాన్ని బయటికి పొమ్మనని పండుగ కనుకనే కష్టకాలంలో అది పనికొచ్చింది.

బొగ్గుబాయి ఊళ్లకు ఈ పనితనం మరీ అవసరమైంది. మందమర్రి పాతకాలపు పల్లెలా ఒక చెరువు, నాలుగు కులాల వాడలతో పెరిగిన ఊరు కాదు. గనులు తవ్విన కొద్దీ కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మనుషులు వచ్చి చేరిన ఊరు. మగవాళ్లకు బాయిలో జట్టు దొరికింది, యూనియన్ దొరికింది, షిఫ్టు దిగాక హోటల్ దగ్గర ముచ్చట దొరికింది. వాళ్ల వెంట వచ్చిన ఆడవాళ్లకు ఏం దొరికింది? రెండు గదుల క్వార్టరు, నీళ్ల నల్లా దగ్గర వరస, సైరన్ మోతను బట్టి నడిచే వంట. బావులలోపల ఆడవాళ్ల పనిని బ్రిటిష్ పాలకులు 1930లలో ఆపేశారు, యుద్ధం అవసరం కొద్దీ 1943లో తిరిగి అనుమతించారు, 1946లో మళ్లీ నిషేధించారు. 1952 గనుల చట్టం ఆ నిషేధాన్ని కొనసాగించింది. షరతులతో భూగర్భంలో పనికి అనుమతి 2019లో గాని రాలేదు. అంటే రెండు మూడు తరాల ఆడవాళ్లు బాయి అంచున బతికారే తప్ప బాయి వాళ్లది కాలేదు. అలాంటి చోట తలా ఒక ఊరి పాట పట్టుకొచ్చిన ఆడవాళ్లు కూడలిలో శిబ్బులు దించి ఒక వలయంగా నిలబడడం చిన్న విషయం కాదు. చరణాలు వేరు, పల్లవి ఒకటే. చుట్టరికం లేనిచోట పల్లవి చుట్టరికమైంది.

ఆ వలయానికి పరీక్షలు తక్కువ రాలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి వార్త ఒక్క గోదావరిఖనిలో ఆగదు. మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, ప్రతి క్వార్టరులోనూ ఆ రాత్రి ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడే ఉంటుంది. 2011లో సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలై సింగరేణిలోనూ బొగ్గు ఆగినప్పుడు, జీతాల్లేని ఆ రోజుల మధ్యే బతుకమ్మ వచ్చింది. 2020 కరోనా ఏడాది మా వీధిలో కూడలి ఖాళీగా ఉండిపోయింది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు చిన్న బతుకమ్మ పెట్టుకున్నారు. ఒక గుమ్మం నుంచి చరణం వస్తే ఎదురు గుమ్మం అందుకుంది.

ఇంత బతుకు మన గని సాహిత్యంలో ఎంత ఉంది? సింగరేణి ప్రాంతం అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటి గొప్ప కథకులను ఇచ్చింది. 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టిన తర్వాత ఇక్కడి పోరాట కథ తెలుగు కథకే కొత్త బలం. నేను చదివినంతలో ఆ సాహిత్యంలో ఆడవాళ్లు లేరని అనలేను. సమ్మెలో ముందుంటారు, శవం ముందు ఏడుస్తారు, సారా దుకాణం మీదికి వెళ్తారు. కాని కథ వాళ్ల దగ్గరికి వచ్చేది ఏదైనా పెద్దది జరిగినప్పుడే. ప్రమాదానికీ ప్రమాదానికీ మధ్య, సమ్మెకూ సమ్మెకూ మధ్య వాళ్లు ఒకరినొకరు ఎలా నిలబెట్టుకున్నారన్నది సంఘటన కాదు కనుక కథకు ఎక్కలేదు. పూలు పేర్చడం పోరాటం కాదు గదా అనే తూకం ఒకటి విమర్శలో కూడా పనిచేసింది. బొగ్గు చరిత్ర అయింది, పువ్వు ఆచారం అయింది.

అయితే పండుగను ఎత్తిపట్టి ఊరుకుంటే మనమూ పుష్పవిలాపం కవిలాగే సగం చూసినవాళ్లమవుతాం. బతుకమ్మను నీళ్లలో విడిచాక గౌరమ్మ పసుపును ముత్తయిదువలు పుస్తెలకు రాసుకుంటారు. పూలు ఏరేటప్పుడు, పేర్చేటప్పుడు, పాడేటప్పుడు అక్కరలేని తేడా ఆ చివరి క్షణంలో బయటపడుతుంది. భర్త పోయినామె ఒక అడుగు వెనక్కి వేస్తుంది. గని ప్రాంతంలో ఆ అడుగు వెనక్కి వేసేవాళ్లలో ముప్పై ఏళ్లు నిండనివాళ్లు కూడా ఉంటారు. మా వీధిలో పాట చెప్పడంలో అందరికన్నా దిట్ట అయిన ఒక పెద్దమ్మ, భర్త బాయిలో పోయాక రెండేళ్లు కూడలికి రాలేదు. మూడో ఏడు అరుగు మీద కూర్చుని పాట చెప్పింది. వలయం ఆమె గొంతు మీద తిరిగింది, ఆమె మాత్రం అరుగు మీదే ఉంది. నాలుగో ఏడు దిగి వచ్చి నడుమ నిలబడింది. ఎవరో గొణిగారు. తర్వాత నేను ఆ సంగతి అడిగితే, “పాటకు పుస్తెలు గావాల్నా బిడ్డా? గొంతు నాది. ఆయన పోయిననాడు గొంతు గూడ పోలే గదా,” అంది. బతుకమ్మ మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంత సూటి విమర్శ లేదు. పసుపు పంచుకునేటప్పుడు ఆమె వెనక్కి జరగలేదు. చెయ్యి చాచలేదు కూడా. అక్కడే నిలబడింది. ఆ నిలబడడానికి మన దగ్గర ఇంకా సరైన పేరు లేదు.

రెండో గీత కులానిది. పల్లెల్లో బతుకమ్మ ఆట ఊరుకూ వాడకూ మధ్య విడిపోయి ఉందనీ, దళిత స్త్రీలకు ఆ వలయంలో చోటు లేదనీ తెలంగాణ దళిత రచయిత్రులు గట్టిగా చెప్పారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ తర్వాత ఆ మాట వినలేదని ఎవరూ తప్పించుకోలేరు. కార్మికవాడల్లో గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లు ఈ గీతను కొంత చెరిపాయి. పూర్తిగా కాదు. ఎవరి శిబ్బి ఎవరి శిబ్బి పక్కన దిగుతుందో, ఎవరి సత్తుపిండి ఎవరు నోట వేసుకుంటారో గమనిస్తే మిగిలిన గీత కనిపిస్తుంది. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. మైదానాల్లో వేలమంది ఒకేసారి ఆడే వేడుకలు జరిగాయి. ఆ వేదికల మీదనుంచి చూస్తే వలయం ఎంత పెద్దదో కనిపిస్తుంది. బయట ఎవరున్నారో కనిపించదు.

మూడోది, పూలే లేకపోవడం. తంగేడు, గునుగు ఎవరూ విత్తని మొక్కలు. బీడు భూముల్లో తంగేడు, చేలల్లో కలుపుగా గునుగు వాటంతటవే పూస్తాయి. అందుకే చేతిలో పైసా లేని ఆడమనిషికి కూడా అవి దొరికాయి. భూగర్భ గనుల కాలంలో పైన చెలకలు మిగిలేవి. ఓపెన్ కాస్టులు వచ్చాక చెలక, కుంట, గట్టు కలిసి పోయాయి, వాటి చోట మట్టిగుట్టలు లేచాయి. చేలల్లో కలుపు మందు గునుగును తినేసింది. మందమర్రి మార్కెట్లో ఇప్పుడు తంగేడు కట్ట కొనుక్కోవాలి. కొన్న పువ్వూ పువ్వే. కాని నలుగురు కలిసి ఏరబోయే పొద్దుటి నడక ఆ కట్టలో రాదు. కష్టం చెప్పుకోవడానికి ఆడవాళ్లకు దొరికిన చోటు కూడలి కన్నా ముందు ఆ నడకే. పర్యావరణం గురించి మాట్లాడేటప్పుడు ఈ నష్టాన్ని ఏ నష్టపరిహారం లెక్కలో వెయ్యాలి?

అందుకే బతుకమ్మను స్త్రీల పండుగ అని మెచ్చుకుని వదిలేసే విమర్శా, పితృస్వామ్య ఆచారం అని తోసిపారేసే విమర్శా రెండూ నాకు సరిపోవు. పుస్తెల పసుపు దగ్గర అది ఆచారమే. అరుగు దిగివచ్చిన గొంతు దగ్గర అది సాహిత్యం. రెండూ ఒకే సాయంత్రం, ఒకే శిబ్బి చుట్టూ జరుగుతాయి. మనం చేయవలసిన పని చాలా మామూలుది. కార్మికవాడల్లో పాట చెప్పే ఆడవాళ్ల దగ్గర కూర్చోవాలి. ఏ ఊరి నుంచి ఏ చరణం వచ్చింది, బొగ్గుబాయి ఆ చరణంలోకి ఎప్పుడు దిగింది, రాసుకోవాలి. ‘జానపదం’ అని పేరులేకుండా చేయకుండా, ఆమె ఒప్పుకుంటే, పాట కింద ఆమె పేరు వెయ్యాలి. ఆ సాయంత్రం వలయం బయట ఎవరు నిలబడ్డారో కూడా రాయాలి. ఆ పెద్దమ్మ తరం ఇప్పుడు డెబ్బైల్లో ఉంది.