భక్తిని ‘భకిత’ అన్న పిల్ల

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. మధ్యాహ్న భోజనం అయింది. పిల్లలు పళ్లాలు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మూడో తరగతి పిల్ల ఒకతె నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని, కార్డు మీది మాటల కింద వేలు పెట్టి చదువుతోంది. ‘చెట్టు’ అంది. ‘అత్త’ అంది. ‘రాత్రి’ అని ఉన్నచోట ‘రాత్తిరి’ అంది. ‘భక్తి’ దగ్గరకు వచ్చేసరికి వేలు ఆగిపోయింది. పెదవులు కదిలాయి గానీ మాట బయటకు రాలేదు. కాసేపటికి ‘భకిత’ అంది. తర్వాతి మాట ‘శక్తి’. ఈసారి ఆగలేదు, ‘శకిత’ అనేసింది.

నా చేతిలో ఒక పట్టిక ఉంది. ఒప్పుకు టిక్కు, తప్పుకు అడ్డగీత. ‘రాత్తిరి’కి ఒకటి, ‘భకిత’కు ఒకటి, ‘శకిత’కు ఒకటి, మొత్తం మూడు అడ్డగీతలు పెట్టాను. రాత్రి ఇంట్లో ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్నప్పుడు గాని ఆ మూడూ ఒక జాతి తప్పులు కావని తెలిసిరాలేదు.

‘భక్తి’ ఎలా రాస్తామో ఒకసారి చూడండి. భ పక్కన క. క నెత్తిన గుడి. కింద త వత్తు. గుడి కూర్చున్నది క మీద, దాన్ని పలకవలసింది త తర్వాత. కంటికి కనిపించే వరస ఒకటి, నోటితో పలికే వరస మరొకటి. ఆ పిల్ల కంటికి కనిపించిన వరసలోనే చదివింది: భ, కి, త. ఆమెకు గుణింతం వచ్చు, వత్తులూ వచ్చు. ఆ రెండూ ఒకే అక్షరం మీద పడ్డప్పుడు ఏది ముందు పలకాలో ఇంకా పట్టుబడలేదు. ‘రాత్రి’లోనూ అదే అమరిక. త మీద గుడి, కింద ర వత్తు. అయినా అక్కడ ‘రాతిర’ అనలేదు. ఇంట్లో అమ్మా నాయనమ్మా ఎలా అంటారో అలా ‘రాత్తిరి’ అంది. అంటే ఆ మాటను గుర్తుపట్టింది, అర్థం చేసుకుంది, తన నోటి మాటగా పలికింది. చదవడం అంటే అదే కదా. దానికీ ‘భకిత’కూ నేను ఒకే గుర్తు వేశాను.

పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో తెలుసుకోవడం నా పని. వినడం, రాసుకోవడం, లెక్కగట్టడం ఒక సగం. ఆ తెలిసినదాన్ని వ్యాసంగా రాసి పరిశోధన పత్రికలో అచ్చు వేయించడం రెండో సగం. ఈ వారం ఆ రెండో సగం గురించి చెప్పాలనుంది. ఎందుకంటే ‘భకిత’ కథ అక్కడే అసలు మలుపు తిరిగింది.

వ్యాసం ఇంగ్లిషులో రాశాను. పత్రిక నియమం ప్రకారం తెలుగు మాటలన్నీ రోమన్ లిపిలో ఉండాలి. పంపిన కొన్ని నెలలకు ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. వారెవరో మనకు తెలియదు, మనమెవరో వారికి తెలియదు. ఈ పద్ధతిలోని మేలు అదే. ఒకరి ప్రశ్న ఇది: పిల్ల మాట మధ్యలో లేని అచ్చును చేర్చింది, చివరి అచ్చును మార్చింది, ఇది జ్ఞాపకశక్తి లోపమా, ఉచ్చారణ లోపమా, పరీక్షించారా?

చదివి చాలాసేపు ఆలోచించాను. ఆ సమీక్షకుల తప్పేమీ లేదు. ‘భక్తి’ని బి, హెచ్, ఎ, కె, టి, ఐ అని రాస్తే చివరి ‘ఐ’ బుద్ధిగా ‘టి’ తర్వాతే ఉంటుంది. క నెత్తిన గుడి లేదు, కింద వత్తు లేదు. పిల్ల ఎక్కడ తడబడిందో ఆ చోటే కాగితం మీద లేకుండా పోయింది. అక్షరం వల్ల వచ్చిన తడబాటు, అక్షరాన్ని తీసేసి చూపిస్తే పిల్లలోని లోపంలా కనిపిస్తుంది. ఎంత చిన్న విషయమో, అంత పెద్ద ప్రమాదం. అలాంటి వ్యాసం చదివి ఎవరైనా ఆ పిల్లకు ఏదో రుగ్మత ఉందని నిర్ణయిస్తే ఆ బాధ్యత ఎవరిది?

సంపాదకులకు ఉత్తరం రాసి, నాలుగు తెలుగు మాటలను పెద్ద అక్షరాల్లో బొమ్మగా వేయించాను. కన్ను వెళ్లే దారికి ఒక బాణం, నోరు పలికే దారికి ఒక బాణం గీశాను. ఆ బొమ్మ చూశాక సమీక్షకులకు ఇంకో ప్రశ్న మిగల్లేదు. అప్పటి నుంచి నాకు ఒక నియమం ఏర్పడింది. లిపి గురించి రాసే వ్యాసంలో ఆ లిపి కనిపించి తీరాలి. సాక్షిని బయట నిలబెట్టి సాక్ష్యం చెప్పించలేం.

ఈ కష్టం నా ఒక్కడిది కాదు. పఠన పరిశోధనకు పేరున్న పత్రికలు చాలావరకు ఇంగ్లిషు చదివే పిల్లల చుట్టూ పెరిగాయి. ‘రీడింగ్ రిసెర్చ్ క్వార్టర్లీ’ 1965లో మొదలైంది. ఇరవయ్యారు అక్షరాలు, ఒకే ధ్వనికి పలు రాతలు ఉన్న ఆ భాష ఇబ్బందులే ప్రపంచం మొత్తానికి కొలబద్ద అయ్యాయి. డేవిడ్ షేర్ అనే పరిశోధకుడు 2008లో ‘సైకలాజికల్ బులెటిన్’లో ఈ సంగతినే సూటిగా ఎత్తిచూపాడు. మన లిపుల మీద పని లేకపోలేదు. దుగ్గిరాల వసంత తెలుగు పిల్లల పఠనం మీద రాసిన వ్యాసం 2004లో ‘రీడింగ్ అండ్ రైటింగ్’లో వచ్చింది. కన్నడ పిల్లలు అక్షరాలన్నీ పట్టుకోవడానికి ఒకటి రెండేళ్లు చాలవని, నాలుగో తరగతి దాకా ఆ పని సాగుతూనే ఉంటుందని సొనాలి నాగ్ 2007లో చూపించారు. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కచెల్లెళ్లు. ఈ ఒక్క సంగతి మన ఒకటో తరగతి టీచర్లకు తెలిస్తే, డిసెంబరుకల్లా వత్తులు రాలేదని పిల్లల్ని ‘మొద్దు’ అనే మాట ఎన్ని బడుల్లో ఆగిపోయేదో.

ఎంతమంది చదవలేకపోతున్నారో మనకు ఏటేటా వినిపిస్తూనే ఉంది. ‘ప్రథమ్’ వారి ‘అసర్’ సర్వే 2005లో మొదలైంది. 2022లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతం. ఆ అంకె రాగానే పత్రికల్లో శీర్షికలు, సభల్లో ఆవేదన. ఆ అంకె విలువైనదే. కానీ పిల్ల ఏ అక్షరం దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది అన్నది అంకెలో ఉండదు. అది పరిశోధన వ్యాసంలో ఉంటుంది. ఆ వ్యాసం టీచరు చేతికి చేరదు.

నా వ్యాసమూ చేరలేదు. అచ్చయిన ఏడాది తర్వాత అదే బడికి వెళ్లాను. ఆ పిల్ల టీచరు అడిగారు: “సార్, మా పిల్లల దగ్గర మూడు రోజులు కూర్చున్నారు కదా. ఏం తేలిందండీ?” చెప్పబోయాను. నోటికి వచ్చినవన్నీ ఇంగ్లిషు పారిభాషిక పదాలు. నాలుగు వాక్యాలు కూడబలుక్కుని చెప్పి, రాసి పంపుతానని మాటిచ్చి వచ్చాను.

ఆ రెండు పేజీలు రాయడానికి మూడు వారాలు పట్టింది. ఇంగ్లిషు వ్యాసంలో అరపేజీ నడిచిన ఒక వివరణను తెలుగులోకి తేబోతే ‘దృశ్యక్రమ ధ్వనిక్రమ వైరుధ్యం’ అని వచ్చింది. కొట్టేశాను. టీచర్ల నోట రోజూ ఉండే మాటలే తీసుకున్నాను: తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వత్తు, పొల్లు. “గుడి క మీద ఉంటుంది, పలకడం త తర్వాత” అని రాశాను. ఇంగ్లిషులో అరపేజీ పట్టిన సంగతి తెలుగులో ఒక వాక్యంలో ఇమిడిపోయింది. మన బడిలో ఈ శాస్త్రానికి పేర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని వ్యాసంలోకి పిలవనిది మనమే.

ఆ కాగితం చదివి టీచరు ఫోన్ చేశారు. “సార్, ఒకటి అడగనా? మీ జాబితాలో భక్తి, శక్తి ఉన్నాయి. అవి మా పిల్లల నోట్లో లేని మాటలండీ. కుర్చీ ఉందిగా, అది చదివించారా?”

కుర్చీ! ర మీద గుడిదీర్ఘం, కింద చ వత్తు. అచ్చం ‘భక్తి’ అమరికే. మరుసటి వారం వెళ్లి ‘భకిత’ అన్న పిల్లల చేతే చదివించాం. ఎక్కువమంది ఆగకుండా ‘కుర్చీ’ అనేశారు. తెలిసిన మాట అయితే తెలియని వరసను కూడా దాటేస్తున్నారు. ఇద్దరు సమీక్షకులు, ఒక సంపాదకుడు, నేను, నలుగురం చూడని లోటు అది. టీచరు ఇంకో సంగతీ చెప్పారు. ఆవిడ అలాంటి మాటలను ముందు పలక మీద పొల్లుతో విడదీసి ‘భ, క్, తి’ అని రాయిస్తారట. నోటికి అలవాటయ్యాక కలిపి ‘భక్తి’ రాయిస్తారట. “ఎవరు నేర్పారు?” అంటే “పిల్లలే నేర్పారండీ” అన్నారు. నా తర్వాతి వ్యాసం ఆ కుర్చీతోనే మొదలైంది.

ఆ రోజు నుంచి ప్రచురణ అన్న మాటకు నా దగ్గర అర్థం మారింది. తోటి పండితులు పరిశీలించడం అవసరం. నేను ఎంతమంది పిల్లల్ని విన్నాను, అందరికీ అవే మాటలు ఇచ్చానా అని అడిగి నా పనిని చక్కదిద్దింది వాళ్లే. కానీ బడి కూడా పరిశీలించాలి. బడికి వ్యాసం చేరాలంటే అది తెలుగులో ఉండాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఈ జిల్లా గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి గారు చేసి చూపించిందే. పర్లాకిమిడిలో పనిచేస్తూ, తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. ముందు సవర పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు, బడులు నడిపారు. లోకంలోని భాషావేత్తలు చదివే ఇంగ్లిషు వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అంటే పిల్లల పుస్తకం ముందు, పండితుల పుస్తకం తర్వాత. మనం ఆ వరసను తలకిందులు చేసి, రెండోదాని దగ్గరే ఆగిపోయాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి సహా ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకు చదువు మొదలుపెట్టిన గొప్ప ప్రయత్నం జరిగింది. దాని మీద అంతర్జాతీయ గ్రంథాల్లో వ్యాసాలు వచ్చాయి. ఆ బడుల్లో పాఠం చెప్పినవారు ఇంగ్లిషులో వచ్చిన వాటిని చదివే దారి ఏది?

తెలుగుకు శాస్త్రం మోసే శక్తి లేదనడం కుదరదు. 1924 నుంచి 1991 దాకా ‘భారతి’ మాసపత్రిక శాసనాల మీద, ఛందస్సు మీద, భాష మీద పరిశోధనను తెలుగులోనే అచ్చువేసింది. పండితులూ చదివారు, ఊళ్లో పంతుళ్లూ చదివారు. చేకూరి రామారావు గారు ఆధునిక భాషాశాస్త్రాన్ని తెలుగులో రాసి 1975లో ‘తెలుగు వాక్యం’ ఇచ్చారు. చదవడం నేర్పే శాస్త్రానికి మాత్రం అలాంటి చోటు మనం కట్టుకోలేదు.

కారణాలు అందరికీ తెలిసినవే. ఉద్యోగానికి, పదోన్నతికి ఇన్నాళ్లూ లెక్కలోకి వచ్చింది ఫలానా జాబితాలో ఉన్న పత్రికల్లోని వ్యాసం. ఆ ఒత్తిడిలో డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా పుట్టాయి. పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చు కావాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. తాను గుర్తించిన పత్రికల ‘కేర్’ జాబితానూ 2025లో వదిలేసింది. పత్రికలు చదివే అవకాశం కోసం కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 6,300 ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు అందుతున్నాయి. మంచిదే. మండలంలోని ప్రాథమిక పాఠశాల ఆ జాబితాలో లేదు. ఉన్నా, ఆ పత్రికల్లో ఒక్క పేజీ కూడా ఆ టీచరు భాషలో లేదు.

అందుకే పరిశోధక మిత్రులకు నా విన్నపం ఒకటే. తెలుగు పిల్లల మీద రాసిన ప్రతి వ్యాసానికీ రెండు పేజీల తెలుగు కాగితం జోడించండి. అందులో తెలుగు అక్షరాలు కనిపించాలి, బడి మాటలు వినిపించాలి. మీరు పిల్లల్ని విన్న బడికి అది ముందు చేరాలి. విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథంతో పాటు ఈ రెండు పేజీలనూ అడగాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

ఉపాధ్యాయులకు ఇంకో మాట. బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంచండి. పేజీకి మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో అచ్చులో ఉన్న మాట, రెండో గడిలో పిల్ల చదివిన మాట, మూడో గడిలో ఎందుకలా చదివిందో మీకు తోచింది. వెంటనే అడ్డగీత పెట్టకండి. ఏడాది చివర ఆ పుస్తకంతో మీ జిల్లాలోని శిక్షణ కళాశాలకో, విశ్వవిద్యాలయానికో వెళ్లి చూపించండి. తెలుగు చదవడం నేర్పే శాస్త్రం ఆ గళ్లలోంచే రావాలి.