రొయ్యల కుడుముకు పది మడతలు

టీతో పాటు తినే చిరుతిళ్లను హాంగ్‌కాంగ్‌లో డిమ్ సమ్ అంటారు. ఆ వంటగదిలో చెయ్యి తిరిగిన వంటవాడెవరో తెలియాలంటే హా గావ్ చూడాలి. వేలెడంత ఉండే ఈ రొయ్యల కుడుములోనే అతని పనితనమంతా బయటపడుతుంది.

దీని పైపొరకు వాడేది జిగురు తీసేసిన గోధుమ గంజిపిండి. అందులో మరిగే నీళ్లు పోసి, వేడి మీదే మర్దించాలి. జిగురు లేని పిండి సాగదు కాబట్టి, వెడల్పాటి కత్తికి నూనె రాసి, దాని చదునైన వైపుతో ముద్దను నొక్కి తిప్పుతారు. పల్చటి గుండ్రటి రేకు వస్తుంది. అందులో రొయ్యలు, వెదురు చిగుళ్ల ముక్కలు పెట్టి, ఒకవైపు మాత్రమే మడతలు వేస్తారు. ఏడు తప్పనిసరి, పది దాటితే మెప్పు. ఉడికాక పొరలోంచి రొయ్య గులాబీ రంగు కనబడాలి. చాప్‌స్టిక్స్‌తో ఎత్తితే చిరగకూడదు.

కుడుములను ఆవిరి మీద ఉడికించే వెదురు బుట్ట చేసే మేలూ తక్కువేం కాదు. దాని మూత ఆవిరిని పీల్చుకుంటుంది. అందుకే కుడుముల మీద నీటి చుక్కలు పడవు.

ఇంత పనితనం ఖరీదైన హోటళ్లకే పరిమితం కాలేదు. పెద్ద హోటల్లో పనిచేసిన మాక్ క్వాయ్ పుయ్ 2009లో హాంగ్‌కాంగ్‌లోని మాంగ్‌కాక్‌లో ‘టిమ్ హో వాన్’ అనే చిన్న కొట్టు తెరిచారు. హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ 2010 సంచికలో దానికి ఒక నక్షత్రం దక్కింది.

తినేవాళ్లకూ మర్యాదలున్నాయి. టీ పోసినవారికి రెండు వేళ్లతో బల్ల తట్టి కృతజ్ఞత చెబుతారు. టీ కూజా మూత పక్కకు జరిపితే వేడినీళ్లు కావాలని అర్థం.

చాలాచోట్ల వంటకాలను బల్లల మధ్య తిప్పే తోపుడు బళ్లు పోయి, కాగితం మీద గుర్తు పెట్టి అడిగే పద్ధతి వచ్చింది. బళ్ల సందడి తగ్గిన మాట నిజమే. కానీ హా గావ్‌కు ఇది మంచిదే: చల్లారి పొర గట్టిపడక ముందే, పొయ్యి మీంచి నేరుగా బల్ల మీదికి వస్తోంది.