ఆ ముసలమ్మ అలాగే మాట్లాడుతుంది

కథ బాగుంది గానీ ముసలమ్మ మాటలు మార్చండి అని ఒక సంపాదకుడు ఉత్తరం రాశారు. 'కోడలు ఎల్లిపోనాది' అని ఉన్నచోట 'వెళ్లిపోయింది' అంటే అన్ని జిల్లాలవాళ్లకూ తెలుస్తుందట. చివరి పేరా అక్కర్లేదనీ అందులోనే అన్నారు. నిజమే అనిపించి పేరా తీసేశాను. మాట మాత్రం మార్చలేదు. నెల్లిమర్ల పక్క పల్లెలో పుట్టి పెరిగిన ఆ మనిషి నోట 'వెళ్లిపోయింది' పలికిస్తే ఇక ఆవిడ ఆవిడ కాదు. ఆ కథ అక్కడ అచ్చు కాలేదు. అయినా నాకు బెంగ లేదు.

ఇలాంటప్పుడల్లా గురజాడ గుర్తొస్తారు. ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. పుస్తకమంటే గ్రాంథికంలోనే ఉండాలని పండితులు పట్టుబట్టే రోజులవి. ఆయన మాత్రం దాన్ని జనం మాట్లాడుకునే తెలుగులో రాశారు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకునే మొదటి రంగం మళ్లీ చదవండి. అప్పుల గొడవ, లేని దర్జా, మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలు. ఆ నోటికి గ్రాంథికం తగిలిస్తే గిరీశమే మిగలడు. అగ్నిహోత్రావధాన్లు కోపమైనా అంతే.

అలాగని తన రాతలో అక్షరం కదపకూడదని ఆయన భీష్మించుకు కూర్చోలేదు. నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఐదంకాలు ఏడయ్యాయి, మధురవాణి ఎంతో ఎదిగింది. ఒక పుష్కరం గడిచాక కూడా తన నాటకాన్ని విప్పి మళ్లీ కట్టారంటే ఆయన్ని మించిన విమర్శకుడు దానికి ఇంకెవరున్నారు? భాష దగ్గర మాత్రం మెట్టు దిగలేదు. 1914లో వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

నేనూ ఆ దారినే పోవాలని చూస్తాను. 'ఇక్కడ నాకు బోధపడలేదు' అని పాఠకుడు అంటే ఆ చోటికి వెంటనే వెళ్తాను. 'నేనైతే ఇలా రాద్దును' అన్నమాట వేరు. అది ఆ మాట అన్నవారు రాయాల్సిన కథ.

కొత్తగా రాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కథ ఎవరికైనా చూపించేముందు, అందులో ఏది తీసేస్తే కథే లేకుండా పోతుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఉత్తరాలు వచ్చాక ఆ కాగితం పక్కనే పెట్టుకుని చదవండి.