వినుకొండలో విదేశాంగ చర్చ

విదేశాంగ విధానంపై చర్చ అంటే పరాయి దేశాల మధ్య మన దేశం ఏం చేయాలో, అలా చేస్తే ఏం దక్కుతుందో, ఏం పోతుందో, ఆ పోయేది ఎవరి చేతి నుంచి పోతుందో తేల్చుకోవడం. ఏ దేశం మంచిది, ఏ దేశం చెడ్డది అన్న తీర్పుతో దానికి పెద్దగా పని లేదు. ఢిల్లీలో ఈ చర్చ చేసేవారికి మాజీ రాయబారులు, పరిశోధనా సంస్థలు, పార్లమెంటు గ్రంథాలయం అండగా ఉంటాయి. పల్నాడు జిల్లా వినుకొండ వంటి ఊళ్లో దినపత్రిక, టీకొట్టు బల్ల, కాలేజీ వక్తృత్వ పోటీ, ఫోన్‌లో వచ్చే వీడియోలు మాత్రమే ఉంటాయి. అయినా చర్చకు కావలసిన అసలు సరుకు ఇక్కడి చేలలోనే ఉంది. పత్తి, మిర్చి రెండూ సరిహద్దులు దాటే పంటలు. వాటిని పండించేవారికి విదేశాంగ విధానం తెలియకపోయినా అది వారిని వదలదు.

ఈ సంబంధం ఈనాటిది కాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, దక్షిణాది ఓడరేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించినప్పుడు ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు దూది కరువైంది. ఆ మిల్లులు హిందూదేశపు పత్తి కోసం ఎగబడ్డాయి. గుంటూరు, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల పత్తి కాకినాడ రేవు మీదుగా పోయేది కనుక వ్యాపారులు దాన్ని కోకనాడాస్ అని పిలిచారు. యుద్ధం సాగినన్నాళ్లూ ధర ఎగసింది, 1865లో అది ముగియగానే కూలింది. తర్వాతి శతాబ్దంలో గుంటూరు, ప్రకాశం వర్జీనియా పొగాకుకు సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారయింది. 1991లో ఆ దేశమే లేకుండా పోయినప్పుడు ఇక్కడి రైతు దెబ్బ తిన్నాడు. ఇవాళ గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం ధర అడిగితే కమీషన్ వ్యాపారి నోట చైనా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్, శ్రీలంక పేర్లు వినబడతాయి.

ఇలాంటి చోట విదేశాంగ వాదనలు ఎన్నికల వేదిక ఎక్కడంలో ఆశ్చర్యం లేదు. 1952 ఎన్నికల్లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతం నుంచి కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. వినుకొండ వాటిలో ఒకటి, గెలిచినవారు పులుపుల వెంకట శివయ్య. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులే అధికారంలోకి వస్తారని దేశమంతా ఎదురుచూసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, జనవరిలో, మాస్కో నుంచి వెలువడే సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని అచ్చువేయించి ఊరూరా పంచింది. మీరు తిట్టే నెహ్రూను మీ పెద్దలే పొగుడుతున్నారు కదా అన్న ప్రశ్నకు కమ్యూనిస్టు వక్తల దగ్గర సూటి జవాబు లేకపోయింది. 196 స్థానాల్లో కాంగ్రెస్ కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టు పార్టీకి 15 మాత్రమే దక్కాయి.

ఆ ఓటమికి ప్రావ్దా ఒక్కటే కారణమంటే అది తప్పుడు చరిత్ర అవుతుంది. 1952లో చీలిపోయిన ప్రత్యర్థులు 1955లో ఏకమయ్యారు. కమ్యూనిస్టుల ఓట్ల శాతం సుమారు 31, అంటే జనం వారిని వదిలేసిందీ లేదు. కానీ చర్చ చేసేవారు ఆ సంపాదకీయాన్ని మరిచిపోకూడదు. నెహ్రూ విధానం ఈ దేశ రైతుకు, కూలికి ఏం చేసిందో చూపి విమర్శించినవాడికి మాస్కో మాట మారినా నష్టం లేదు. మాస్కో మాటే ఆధారంగా విమర్శించినవాడి కాళ్ల కింద నేల ఒక్క పూటలో కదిలిపోయింది.

అదే పార్టీ కథ ఇంకా ముందుకు, మరింత లోతుకు పోతుంది. 1951 ఆరంభంలో నలుగురు భారత కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌తో మాట్లాడారు. అజయ్ ఘోష్, డాంగేలతో పాటు వెళ్లిన ఇద్దరు తెలుగువారు: కృష్ణా జిల్లాకు చెందిన చండ్ర రాజేశ్వరరావు, గుంటూరు జిల్లాకు చెందిన మాకినేని బసవపున్నయ్య. తెలంగాణ సాయుధ పోరాటం సాగాలా, ఆగాలా, చైనా బాట మనకు పనికొస్తుందా అన్నవి అక్కడికి మోసుకెళ్లిన ప్రశ్నలు. ఆ ఏడాది అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. పదకొండేళ్ల తర్వాత 1962 అక్టోబరులో చైనా సేనలు సరిహద్దు దాటినప్పుడు పార్టీ లోపలి వాదన పగులుగా మారింది. చైనాను దురాక్రమణదారు అనాలా, లేక చర్చలతో సరిహద్దు తేల్చుకోమని ప్రభుత్వాన్ని అడగాలా అన్నది ఒక గీత. కాంగ్రెస్ ప్రభుత్వంతో కలిసి నడవాలా, ఎదిరించాలా అన్నది రెండో గీత. 1964 ఏప్రిల్‌లో 32 మంది జాతీయ సమితి సభ్యులు సమావేశం నుంచి లేచి వచ్చేశారు. పుచ్చలపల్లి సుందరయ్య, బసవపున్నయ్య, తరిమెల నాగిరెడ్డి వారిలో ఉన్నారు. జులైలో వారి సదస్సు జరిగింది గుంటూరు జిల్లా తెనాలిలోనే. అక్టోబరు–నవంబరులో కలకత్తా మహాసభతో మార్క్సిస్టు పార్టీ వేరుపడింది.

అవతలి గట్టున నిడుబ్రోలు వాసి ఎన్.జి. రంగా ఉన్నారు. 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి ఆయన అధ్యక్షుడు. చైనాను నమ్మినందుకు, అలీన విధానాన్ని పట్టుకు వేలాడినందుకు ఆ పార్టీ నెహ్రూను పార్లమెంటులో నిలదీసింది. ఒకే గుంటూరు జిల్లా నుంచి వచ్చిన బసవపున్నయ్య, రంగా చైనా విషయంలో ఇంత ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరికీ పుస్తకజ్ఞానం, ప్రజల్లో పలుకుబడి ఉన్నాయి. ఆ తరం వాదనల్లో ఉన్న చదువు ఇవాళ్టి చర్చల్లో కరువైన మాట నిజం. ఆ తరం బలహీనత కూడా దాచదగింది కాదు. మాస్కోనో, పెకింగునో, వాషింగ్టన్నో ముందు ఎంచుకుని, ఆ తర్వాత వాస్తవాలు వెతుక్కునే అలవాటు అన్ని పక్షాల్లోనూ ఎంతో కొంత కనిపిస్తుంది. ఒకే జెండా కింద జైళ్లకు వెళ్లినవారిని ఆ అలవాటు విడదీసింది.

ఇక చర్చ చేసే పద్ధతి. అంతా ప్రశ్నను ఎలా పెట్టారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. అమెరికా మిత్రదేశమా, శత్రుదేశమా అని అంశం ఇస్తే వక్తలు చప్పట్లకు పోటీపడతారు, తేలేదేమీ ఉండదు. అదే 2025 ఆగస్టు నాటి పత్తి వ్యవహారాన్ని తీసుకుంటే చర్చ నేల మీద నడుస్తుంది. రష్యా చమురు కొంటున్నందుకు అమెరికా అదనంగా వేసిన 25 శాతంతో కలిపి భారత సరుకుల్లో చాలావాటిపై సుంకం ఆగస్టు 27 నుంచి 50 శాతానికి చేరింది. దానికి వారం ముందే, ఆగస్టు 19న, కేంద్రం పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు చివరి వరకన్నది తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. అంటే కొత్త పత్తి తీతకొచ్చే నెలల్లో చాలావరకు అందులో కలిశాయి. వస్త్ర పరిశ్రమకు పత్తి అందుబాటు పెంచడానికని ప్రభుత్వం చెప్పింది.

ఈ నిర్ణయం సరైనదేనా అని వినుకొండలో అడిగితే వెంటనే రెండు గొంతులు లేస్తాయి. పత్తి రైతుకు ఇది పోటు. అదే పల్నాడు జిల్లాలో చిలకలూరిపేట, గణపవరం నూలు మిల్లులకు ఇది ఊరట. దేశ ప్రయోజనం అనే మాటను ఊరికే వాడేవారు ఇక్కడ ఆగక తప్పదు, ఎందుకంటే ఒక్క జిల్లాలోనే అది రెండుగా చీలి కనిపిస్తోంది. చర్చ మరో మెట్టు ఎక్కితే మద్దతు ధర వస్తుంది. 2025–26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ ఆ ధరకు కొంటే దిగుమతి పత్తి రైతును అంతగా తాకదని ఒక పక్షం అనొచ్చు. తేమ 12 శాతం దాటిన పత్తిని సీసీఐ తీసుకోదు, వానకు తడిసిన పత్తి దళారి పాలే అవుతుందని రెండో పక్షం చూపొచ్చు. అమెరికా అధ్యక్షుడి నిర్ణయంతో మొదలైన వాదన తేమ కొలిచే యంత్రం దగ్గరికి చేరింది. చర్చ సరిగా సాగుతోందనడానికి ఇదే గుర్తు.

చైనా ప్రశ్న ఇంతకన్నా కష్టమైనది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారికి నాయకత్వం వహించిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆ వారం తెలుగు ఊళ్లలో చైనా వస్తువులను తగలబెట్టిన కోపం అర్థం చేసుకోదగినది, దాన్ని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ తర్వాత కూడా మన మిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారుగానే కొనసాగింది. చైనాతో వ్యాపారం పూర్తిగా ఆపాలని వేదిక మీద వాదించేవారు తేజ కాయను ఎవరికి అమ్ముకోవాలో చెప్పాలి. వ్యాపారం వేరు, సరిహద్దు వేరు అనేవారు, కొనేవాడి చేతిలోకి మన బతుకుతెరువు పోతే రేపు అతడు దాన్నే ఆయుధం చేసుకోడా అన్న ప్రశ్నకు జవాబివ్వాలి. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. గల్వాన్‌లో తుపాకులు ఎందుకు పేలలేదన్నది ఇంకో అధ్యాయం. 1993లో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు కుదిరిన సరిహద్దు శాంతి ఒప్పందం, 1996 నాటి ఒప్పందం వాస్తవాధీన రేఖ దగ్గర బలప్రయోగానికి, కాల్పులకు పెట్టిన కట్టుబాట్లు తెలియకుండా ఆ రాత్రి గురించి మాట్లాడడం సగం మాట్లాడడమే.

శాస్త్రచర్చల్లో పూర్వపక్షం చెప్పే సంప్రదాయం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఎదుటి వాదాన్ని అతడు ఒప్పుకునేంత నిజాయతీగా ముందు వినిపించి, ఆ తర్వాతే ఖండించడం దాని నియమం. విదేశాంగ చర్చలో ఈ నియమం మనుషులతోపాటు దేశాలకూ వర్తించాలి. బీజింగ్‌లో కూర్చున్నవాడికి, ఢాకాలో కూర్చున్నవాడికి మన చర్య ఎలా కనిపిస్తుందో చెప్పగలవాడే వాళ్ల తర్వాతి ఎత్తును ఊహించగలడు. పద్యనాటకాలు చూసిన పెద్దలకు ఇది వివరించనక్కరలేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణ రాయబారం ఘట్టాన్ని పల్నాడు ప్రేక్షకులు రాత్రంతా మేలుకుని విన్నారు. అయిదూళ్లిచ్చినా చాలునన్న బేరంలో కనీస కోరిక ఎంతో, ఎదుటివాడికి ఒప్పుకునే దారి ఎంత తెరిచి ఉంచాలో ఉంది. ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో పల్నాటి వీరుల కథ చెబుతుంది. అందులో రాయబారి అలరాజు విషానికి బలైన తర్వాత మిగిలింది కారెంపూడి రణరంగమే.

ధరలన్నింటికీ విదేశాన్నే కారణం చేయడం మరో పొరపాటు. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటిన మిర్చి 2025 ఫిబ్రవరి నాటికి దాదాపు సగానికి పడింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించి, ఆంధ్రప్రదేశ్‌లో 2.58 లక్షల టన్నుల వరకు వర్తింపజేస్తామంది. చైనా కొనడం లేదని ఒకరు, బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా పతనం తర్వాతి గందరగోళమని మరొకరు అన్నారు. శీతల గిడ్డంగుల్లో మిగిలిపోయిన పాత టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క అడిగినవారు తక్కువ. విదేశీ కారణం ఎంత, ఇంటి కారణం ఎంత అని విడగొట్టని వాదన పాలకులకు సాకుగా మాత్రమే ఉపయోగపడుతుంది.

భద్రతా వ్యవహారాల్లో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అక్కడ కీలక సమాచారాన్ని ప్రభుత్వాలే దాస్తాయి. 2025 మే నెలలో పాకిస్థాన్‌పై భారత్ చేపట్టిన ఆపరేషన్ సిందూర్ రోజుల్లో భారత నౌకాదళం కరాచీ రేవును ధ్వంసం చేసిందని కొన్ని టీవీ చానళ్లు ప్రకటించాయి. అది నిజం కాదు. వీడియో గేముల దృశ్యాలు యుద్ధదృశ్యాలుగా ఫోన్లలో తిరిగాయి. వాటిని నమ్మి వాదించినవారి దేశభక్తిని శంకించనక్కరలేదు, వాదన మాత్రం చెల్లదు. అధికారిక ప్రకటనలో ఏముంది, ఎదుటి దేశం ఏమంటోంది, రెండూ ఎక్కడ కలుస్తున్నాయి అని చూసి, మిగిలినది తేలేదాకా ఆగడం చేతగానితనం అనిపించుకోదు.

చర్చలో ఎంత తగువులాడినా బయట కలిసి నిలబడవచ్చనడానికి తెలుగువాడైన ప్రధానే ఉదాహరణ ఇచ్చారు. 1994లో జెనీవా మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్‌పై పాకిస్థాన్ తీర్మానం తెచ్చినప్పుడు పి.వి. పంపిన ప్రతినిధి బృందానికి నాయకుడు ప్రతిపక్ష నేత వాజపేయి. పాకిస్థాన్ చివరకు ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. పార్లమెంటులో ప్రభుత్వ విధానాన్ని రోజూ తూర్పారబట్టినవాడికే దాని బలమూ బలహీనతా తెలుస్తాయి. అందుకే ఆ ఎంపిక పనిచేసింది.

వినుకొండ, నరసరావుపేట కళాశాలల అధ్యాపకులు ఈ ఏడాది వక్తృత్వ పోటీలకు పత్తి దిగుమతి సుంకాన్నో, చైనాకు మిర్చి ఎగుమతినో అంశంగా ఇవ్వాలి. పిల్లలకు రెండు పక్షాలూ చీటీ వేసి కేటాయించాలి, తమకు నచ్చని పక్షాన వాదించడం వాళ్లు నేర్చుకోవాలి. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఒక కుర్చీ పత్తి రైతుకు, ఒక కుర్చీ మిల్లులో పనిచేసేవారికి వేయాలి. మార్కులు వాళ్లనే వేయనివ్వండి.