మళ్లీ మళ్లీ పేలే రంగు మైన్

పెయింట్‌బాల్ పుట్టింది అడవిలో. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, హెన్నికర్ దగ్గర 12 మంది తొలి ఆట ఆడారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి నెల్‌స్పాట్ 007 పిస్టళ్లు. చెట్లకు, మందలోని పశువులకు దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికి చేసిన పనిముట్లవి. ఆ రోజు గెలిచిన రిచీ వైట్ అడవి పని తెలిసినవాడు. ఒక్క గుండూ పేల్చకుండా జెండాలన్నీ పట్టుకొచ్చాడు. పొంచి ఉండటం, అదను చూసి కదలడం, ఆట రుచంతా అక్కడే ఉంది. ఆ రుచిని పెంచేదే పెయింట్ మైన్.

ఆకుల కింద దాచి, దారికి అడ్డంగా సన్నటి దారం కడతారు. కాలు తగలగానే పిన్ను ఊడుతుంది, రంగు చిమ్ముతుంది, తడిసినవాడు బయటికి పోతాడు.

ఒక్కసారి పేలి చెత్తబుట్టలోకి పోయే రకాన్ని చేయడం తేలికే. పదే పదే వాడుకునేది చేయడంలోనే పనితనం బయటపడుతుంది. గ్యాస్‌తో పనిచేసే రకాలకు అందుబాటులో ఉన్నది బొటనవేలంత 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కార్ట్రిడ్జ్. అందులోని గ్యాసంతా బయటికొస్తే గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 6.5 లీటర్లవుతుంది. అంతా ఒక్కసారిగా గుప్పెడు రంగు మీద వదిలేయడం మొరటుతనం, ప్రమాదం కూడా. అందుకే మంచి డిజైన్‌లో కార్ట్రిడ్జ్‌కీ రంగుకీ మధ్యన చిన్న గది ఉంటుంది. అందులో పట్టినంత గ్యాసే ఒక విడతకు ఖర్చవుతుంది.

ఎండ సంగతి మరవకూడదు. 20 డిగ్రీల దగ్గర ఈ గ్యాస్ పీడనం వాతావరణ పీడనానికి సుమారు 57 రెట్లు. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమన్నది మిగలదు, నిండు కార్ట్రిడ్జ్‌లో పీడనం వేగంగా ఎగబాకుతుంది. హైదరాబాద్ శివార్ల రిసార్టుల్లోనూ పెయింట్‌బాల్ ఆడిస్తున్నారు, మే నెలలో అక్కడ 40 డిగ్రీలు మామూలే. చలికాలంలో పరీక్షించి వేసవిలో అమ్మే సరుకు నమ్మదగింది కాదు.

అయినా మైన్‌ని ఎక్కువగా చంపేది వేడి కాదు, ఇసుక. పెయింట్‌బాల్ రంగులో ప్రధానంగా ఉండేది పాలీఇథలీన్ గ్లైకాల్. నీళ్లతో కడిగితే పోతుంది, కానీ త్వరగా ఆరదు. ఆ జిగటకు మట్టి అంటుకుంటుంది. ఒక్క ఇసుక రేణువు గ్యాస్ కారకుండా ఆపే ఓ-రింగ్ మీద చేరితే చాలు, రబ్బరుపై గీత పడుతుంది, సన్నగా బుస్సుమంటూ గ్యాస్ కారిపోతుంది, దారం తగిలినా రంగు నోటి దగ్గరే నీరసంగా కారుతుంది. స్పానర్ లేకుండా చేత్తో విప్పి, బకెట్ నీళ్లలో జాడించి, రింగుకు నూనె రాసి తిరిగి బిగించగలిగితేనే అది నిజంగా తిరిగి వాడే మైన్.

భద్రత విషయంలో రాజీ కుదరదు. పగిలేది మెత్తటి రబ్బరు మూత ఒక్కటే కావాలి, ప్లాస్టిక్ ఒంటి నుంచి ముక్క కూడా లేవకూడదు. రంగు పైకి, మాస్కు కిందినుంచి ముఖంలోకి కొట్టకుండా మోకాలి ఎత్తులో పక్కలకు విచ్చుకోవాలి. మైన్ ఒంటికి నారింజ రంగు వేయాలి. అసలు మందుపాతరలా ఖాకీ రంగులో చేస్తే, పొదల్లో మరిచిపోయిన ఒక్కటి ఊరంతటినీ హడలెత్తించి పోలీసుల్ని రప్పిస్తుంది.

ఇక అమ్మకం. పేలుడు చూసి చప్పట్లు కొట్టేది ఆటగాళ్లు, డబ్బులు పెట్టేది మైదానం యజమాని. ఆయన లెక్క వేరు: ఒక్కో పేలుడుకు గ్యాస్ ఎంత, రంగు ఎంత, దాన్ని మళ్లీ నింపడానికి ఆట నడిపే మార్షల్ ఎన్ని నిమిషాలు వంగి కూర్చోవాలి? కాబట్టి ప్రదర్శనలో పేల్చి ఆపేయకుండా, ఆయన ముందే విప్పి, కడిగి, నింపి, రెండోసారి పేల్చి చూపాలి. పిన్నులు, మూతలు, ఓ-రింగులు విడిగా, చవగ్గా దొరకాలి. దొరక్కపోతే చిన్న రింగు కోసం మైన్ మొత్తం గోదాములో మూలపడుతుంది, ఆ మైదానం నుంచి రెండో ఆర్డర్ రాదు.