నాడి పట్టడం, లాగ్స్ తీయడం

మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు సగం మూసుకుని, కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే ఆయుర్వేద వైద్యుడు తెలుగువాళ్లకు కొత్తవాడు కాదు. ఆ మౌనం అయ్యాక "రాత్రి పెరుగు వేసుకున్నావా?" అంటాడు, రోగి తెల్లబోతాడు. ఆ దృశ్యం పక్కన ఇంకొకటి పెట్టి చూడాలని కొన్నాళ్లుగా నాకో సరదా. తలకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ మొరాయిస్తుంది. కంపెనీవాళ్లకు మొరపెట్టుకుంటే మొదట వచ్చే జవాబు "లాగ్స్ తీసి పంపండి" అని. లాగ్స్ అంటే ఆ పరికరం లోపల తనలో తాను గొణుక్కుంటూ రాసుకున్న చిట్టా. ఎక్కడ నొప్పో చెప్పలేని ఒంటి చేత చెప్పించే విద్యలే రెండూ.

నాడీ పరీక్ష చరక, సుశ్రుతుల దగ్గర కాదు, తర్వాతి శార్ఙ్గధర సంహితలో స్పష్టంగా కనిపిస్తుంది. సంస్కృతం, తెలుగు కలగలిపి రాసిన మన బసవరాజీయంలోనూ దానికి పెద్దపీటే. శాస్త్రం సంగతి అలా ఉంచితే, సాహిత్యం చదివేవాడికి అందులో దొరికే విందు ఉపమలు. వాతనాడి పాములా, జలగలా సాగుతుందట. పిత్తనాడి కాకిలా, కప్పలా గెంతుతుంది. కఫనాడి హంసలా, పావురంలా తాపీగా నడుస్తుంది. చెరువు గట్టున కూర్చుని ఈ జీవాల నడక చూసినవాడికే ఆ వేలికొస తెలివి అబ్బుతుందన్నమాట.

హెడ్‌సెట్ లాగ్‌లో మాత్రం ఉపమ అన్నది మచ్చుకైనా ఉండదు. క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్లు లోపల ఆండ్రాయిడ్ మీదే నడుస్తాయి, కాబట్టి చిట్టా కూడా ఆండ్రాయిడ్ పద్ధతిలోనే ఉంటుంది. ఒక్కో పంక్తిలో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను, సెకనులో వెయ్యో వంతు. ఆ పైన రాసిన ప్రోగ్రాం సంఖ్య, ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక పేరు, చివర మాట. సంవత్సరం ఉండదు, ఎవరికీ దాని లోటు తెలియదు కూడా. అసలు నాడి కొట్టుకునేది ఆ ఒక్క అక్షరంలో. వి అంటే వెర్బోస్, వాగుడు. అక్కడి నుంచి డీబగ్, ఇన్‌ఫో, వార్నింగ్, ఎర్రర్ మీదుగా ఎఫ్ దాకా, అంటే ఫేటల్ దాకా, మెట్లు. అక్కడ పాము, కప్ప, హంస. ఇక్కడ మొదటి అక్షరాలు. అలాగని ఇది మొరటు విద్య అనుకోకూడదు. నిక్షేపంలా పనిచేసే హెడ్‌సెట్‌లో కూడా ఎర్రర్ పంక్తులు బోలెడు ఉంటాయి. ఇ అక్షరం చూడగానే గుండె జారేవాడు అప్రెంటిసు. ఏ ఇ రోజూ ఉండేదో, ఏ ఇ ఇవాళ కొత్తగా వచ్చిందో పసిగట్టేవాడు పనివాడు. పేరుమోసిన వైద్యుడి వేళ్లకూ ఇదే పరీక్ష: రోగం లేనప్పటి నాడి ఎరగనివాడికి రోగనాడి ఏం తెలుస్తుంది?

పట్టుకునే తీరులో ఒక తమాషా ఉంది. మా మేనల్లుడు లాగ్స్ తీస్తుండగా దగ్గర కూర్చుని చూశాను. ముందు ఫోన్‌లోని యాప్ ద్వారా డెవలపర్ మోడ్ ఆన్ చేశాడు. తర్వాత కేబుల్‌తో హెడ్‌సెట్‌ను లాప్‌టాప్‌కు కలిపాడు. లాప్‌టాప్ "అన్‌ఆథరైజ్డ్" అంది. ఎందుకంటే అనుమతి అడిగే పెట్టె కనిపించేది లాప్‌టాప్ తెర మీద కాదు, హెడ్‌సెట్ అద్దాల లోపల. అది పెట్టుకుని ఒప్పుకున్నాడు. లాప్‌టాప్ చూద్దామని తీశాడు. తీయగానే హెడ్‌సెట్ నిద్రపోయింది. రెండు కటకాల నడుమ చిన్న సెన్సర్ ఒకటి, నుదురు ఆనిందో లేదో కనిపెడుతుంది. "మామయ్యా, ఇక్కడ బొటనవేలు పెట్టి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను, మనిషి నుదురనుకుని మేలుకుంది. వైద్యుడు బొటనవేలి మొదట్లో నాడి వెతుకుతాడు కదా, ఇక్కడ ఆ బొటనవేలే నాడి ఆడించింది. తర్వాత ఒక్క కమాండ్. రెండు మూడు నిమిషాలకు జిప్ ఫైల్ దిగింది.

మైక్రోసాఫ్ట్‌వాళ్ల హెడ్‌సెట్ హోలోలెన్స్‌లో ఈ తతంగమేమీ అక్కర్లేదు. మెనూ తెరుచుకోనంతగా బిగుసుకుపోయినా, పవర్ మీట, వాల్యూమ్ తగ్గించే మీట ఒకేసారి నొక్కి వదిలితే చిట్టా తయారవుతుంది. రోగికి స్పృహ లేకున్నా నాడి ఆడుతుందని గ్రహించినవాడెవడో ఆ ఏర్పాటు చేశాడు. హోలోలెన్స్ 2 తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది కానీ ఆ రెండు మీటల ఆలోచన మీద నాకు ఇప్పటికీ మక్కువే.

ఎప్పుడు చూడాలన్న దగ్గర ఈ రెండు విద్యలూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. స్నానం చేసి వచ్చినవాడికి, అప్పుడే భోంచేసినవాడికి, నూనె పట్టించుకున్నవాడికి నాడి చూడొద్దంటుంది శాస్త్రం; ఆ హడావిడిలో అసలు చప్పుడు మునిగిపోతుంది. అలాగే లాగ్స్ కూడా గొడవ జరిగిన వెంటనే తీయాలి. అది పలక మీద రాత లాంటిది. పలక నిండితే పాత పంక్తులు చెరిగి కొత్తవి ఎక్కుతాయి. పైగా అందులో ఎక్కువ భాగం ఉండేది మెమరీలో, కరెంటు ఉన్నంతసేపే. అందుకే "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే సపోర్టు సలహా విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రోగం కుదరొచ్చు, సాక్ష్యం మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది. ముందు లాగ్, తర్వాత రీస్టార్ట్. భోజనానికి ముందే నాడి.

ఇక తేడా. చేయి వదిలేశాక నాడి గాలిలో కలిసిపోతుంది, వైద్యుడి మనసులో తప్ప మరెక్కడా మిగలదు. లాగ్ అయితే ఫైలు. ఊళ్లు, సముద్రాలు దాటుతుంది. మీ ఇంటి వైఫై పేరు, మీరు పెట్టుకున్న యాప్‌ల జాబితా వెంట తీసుకుపోతుంది. నాడి పట్టినవాడు మీ ఒంటి గుట్టే తెలుసుకుంటాడు, లాగ్ చదివేవాడు మీ ఇంటి గుట్టూ తెలుసుకోగలడు. ఈ ఒక్క విషయంలో నేను వైద్యుడి పక్షం. కాకపోతే ఆయన చెప్పింది తప్పో ఒప్పో సరిచూడడానికి రెండోసారి వినే వీలు లేదు. లాగ్‌ను పదిమంది పదిసార్లు చదవొచ్చు. కాబట్టి పూర్తిగా ఆయన పక్షమూ కాదు.

రెండు చోట్లా ఒకటే గర్వం పొంచి ఉంటుంది: అడక్కుండా చెప్పేయాలని. అడిగితే విద్య తక్కువైనట్టు. కానీ వాగ్భటుడి అష్టాంగహృదయం చెప్పిన మూడు పరీక్షలు దర్శనం, స్పర్శనం, ప్రశ్న. చూపు, తాకు అయ్యాక అడగడం కూడా శాస్త్రమే. నలభై ఎంబీ జిప్ పంపితే చాలు, కస్టమర్‌తో మాటెందుకు అనుకునే సపోర్టుకూ ఆ మూడోది కరువు.

మా అక్కావాళ్లింట్లో జరిగిందే చెబుతాను. డాలస్ నుంచి బంధువులు తెచ్చిన హెడ్‌సెట్. వేసవి సెలవుల్లో సాయంత్రాలు అది పెట్టుకుంటే గది మొత్తం జారిపోతున్నట్టు కనిపించేది. మేనల్లుడు రెండుసార్లు లాగ్స్ పంపాడు, రెండుసార్లూ పొడి జవాబే వచ్చింది. మూడోసారి ఎవరో బుద్ధిమంతుడు తగిలాడు. "సరిగ్గా ఎన్ని గంటలకు?" అని అడిగాడు. మావాడు నీళ్లు నమిలాడు. మా అమ్మ అందుకుంది: "ఎనిమిదింటికి రా, సీరియల్ మొదలవుతుంటే నువ్వు కేకేశావు." ఎనిమిదింటి పంక్తులు వెతికితే ఏమీ లేదు. హెడ్‌సెట్ గడియారం ఇంకా డాలస్‌లోనే ఉంది మరి. కాగితం మీద పదిన్నర గంటలు తీసేసి ఉదయం తొమ్మిదిన్నర దగ్గర చూస్తే, ట్రాకింగ్ పోయిన వార్నింగులు వరసగా.

నాడి అన్న మాటకు కాలమన్న అర్థం కూడా ఉంది. నాడిక అంటే ఘడియ, ఇరవై నాలుగు నిమిషాలు. లాగ్ కథా అలాంటిదే. వెనకటి నావికులు ముడులు వేసిన తాడు చివర చెక్క ముక్క కట్టి సముద్రంలోకి విసిరేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకునేవారు. ఆ చెక్క ముక్కే లాగ్. రెండు మాటలూ గడియారంతో ముడిపడ్డవే, ఆ సపోర్టు కుర్రాడు అడిగిందీ గడియారం గురించే.

ట్రాకింగ్ పోయిందని లాగ్ చెప్పింది. ఎందుకు పోయిందో చెప్పలేదు. "గది ఫోటో ఒకటి పంపండి" అన్నాడతను. పంపారు. గోడ పొడుగునా నిలువుటద్దం ఉన్న బీరువా. రాత్రి లైటు వేస్తే ఆ అద్దంలో ఇంకో గది, హెడ్‌సెట్ కెమెరాలకు రెండు గదులు. ఆ బీరువా అద్దానికి ఇప్పుడు మా అమ్మ పాత వెంకటగిరి చీర కట్టి ఉంది.