ఎవరూ కోరని పాట

బుధవారం పొద్దున నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే హోటల్ రేడియోలో ‘పల్లెటూరి పిల్లగాడా’ వచ్చింది. గల్లా మీద కూర్చున్నాయన చిల్లర లెక్క ఆపి సౌండు పెంచాడు. నాకు పట్టరాని సంబురమైంది.

పాటను బతికించేది జనం నోరేనని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట రోజుల్లో ‘పల్లెటూరి పిల్లగాడా’ కట్టారు. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాకు ఎక్కేనాటికి అది ముప్పై ఏళ్లుగా జనంలో ఉన్నదే. బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’ ఇంకా గట్టిది. నిజాం మీద కోపంతో ఊరూరా తిరిగి, అదే సినిమాలో గద్దర్ గొంతెక్కి, తెలంగాణ ఉద్యమంలో కొత్త చరణాలు కట్టించుకుంది. వరస అదే, తిట్టు తినేవాళ్లే మారారు. అట్లా మార్చుకోనిచ్చే పాట ఎందుకు పోతుంది?

మరి మోట పాట ఎందుకు పోయింది?

పాలమూరులో మా పెద్దనాయన ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట కొట్టేవాడు. ఎద్దులు వాలు దిగుతుంటే మోకు మీద కూర్చుని పాట ఎత్తుకునేవాడు. తోలు బొక్కెన పైకొచ్చి నీళ్లు కాలువలో దుమికేసరికి చరణం అయిపోవాలె. ఎద్దులు వెనక్కి నడిచేటప్పుడు పాట ఉండదు, అదిలింపులే. బావి లోతును బట్టి దారి పొడుగు, దారిని బట్టి చరణం పొడుగు. పక్క బావి కాడ అదే పాట ఇంకో తీరుగా సాగేది. ఇంతకంటే మార్చుకోనిచ్చే పాట ఏముంటుంది? అయినా కరెంటు మోటర్లు రాగానే పోయింది. దాన్ని పాడే పనే లేకపోయాక నోరు మాత్రం ఏం చేస్తుంది!

అందుకే ఈ వారం నా నమ్మకం కొంత కదిలింది. రేడియోలో కోరిన పాటలు వేసే జనరంజనిలో శ్రోతల పేర్లు, ఊళ్ల పేర్లు చదువుతుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ శ్రోతల కోరికల్లో మోట పాట ఎన్నటికీ రాదు. విననిదాన్ని కోరేదెవరు? హనుమంతు పాటను రేడియో వెయ్యకున్నా జనం పాడుకుంటారు. మోట పాటను దాచగలిగేది ఇప్పుడు రికార్డింగు ఒక్కటే. కోరిన పాటల నడుమ కోరని పాట ఒకటి రోజూ వెయ్యాలె, ఏ ఊరి బావి మీద పాడిందో చెప్పి మరీ. దేవరకొండ, అచ్చంపేట దిక్కు మోట కొట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లు స్టూడియోకు రాలేరు, మైకే పోవాలె. ఈ ఎండాకాలంలోనే పోవాలె.